నూటికి నాలుగు రూపాయల నలభై పైసలు: క్రెడిట్ కార్డు అప్పు తీర్చుకోవడం ఎలా

ఊళ్లో ఎవరైనా నూటికి ఐదు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చారని తెలిస్తే, వాళ్ల పని అయిపోయిందనే అనుకుంటాం. కార్డు బకాయి మీద నడిచేదీ ఇంచుమించు అదే వడ్డీ. స్టేట్‌మెంట్ చివరి పేజీలో చిన్నక్షరాల్లో ‘నెలకు 3.75 శాతం’ అని ఉంటుంది కాబట్టి ఎవరికీ ఉలుకు పుట్టదు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కూడా వేస్తారు. రెండూ కలిపితే నూటికి నెలకు 4 రూపాయల 42 పైసలు, ఏడాదికి 53 రూపాయలు. 3.5 శాతం కార్డయితే 4 రూపాయల 13 పైసలు.

ముందుగా మీకున్న ప్రతి అప్పునూ ఈ లెక్కలోకి మార్చుకోండి: నూటికి, నెలకు, ఎన్ని రూపాయలు. ఏది ముందు తీర్చాలి, దేన్ని దేనితో మార్చాలి అనే ప్రశ్నలకు సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

మినిమమ్ కడితే ఏం జరుగుతుంది

లక్ష రూపాయల బకాయి, నెలకు 3.75 శాతం వడ్డీ, మినిమమ్ డ్యూ (గడువు లోపు తప్పక కట్టాల్సిన కనీస మొత్తం) 5 శాతం అనుకుందాం. ఈ నెల 5,000 కట్టారు. మిగిలిన 95,000 మీద వడ్డీ 3,562, జీఎస్టీ 641 పడ్డాయి. వచ్చే నెల బాకీ 99,204. అంటే ఐదు వేలు కడితే అప్పు తగ్గింది 796 రూపాయలు. కార్డు మళ్లీ ముట్టుకోకుండా ఇలాగే ఏడాది కడితే జేబులోంచి పోయేది సుమారు 57,400, అసలు తగ్గేది సుమారు 9,150. మినిమమ్ కట్టినా అప్పు పెరిగిపోయేలా లెక్క ఉండకూడదని రిజర్వు బ్యాంకు 2022 నాటి కార్డు నిబంధనల్లో చెప్పింది. నిజమే, పెరగదు. తరగనూ తరగదు.

రెండో సంగతి చాలామందికి తెలియదు. బిల్లులో కొంచెం మిగిల్చి కట్టినా, వడ్డీ ఆ మిగిలినదానికే పడదు. మొత్తం బిల్లుకూ, కొన్న రోజు నుంచీ పడుతుంది. జూన్ 25న 40,000 పెట్టి ఫ్రిజ్ కొన్నారు. జులై 18న స్టేట్‌మెంట్, ఆగస్టు 7 గడువు. ఆ రోజు 39,000 కట్టి, వెయ్యే కదా అని వదిలేశారు. ఆగస్టు 18 స్టేట్‌మెంట్‌లో 40,000 మీద 43 రోజుల వడ్డీ 2,120 రూపాయలు, వెయ్యి మీద 11 రోజులకు 14, వాటి మీద జీఎస్టీ 384 వస్తాయి. వెయ్యి ఆపినందుకు రెండున్నర వేల శిక్ష. పైగా పాత బాకీ పైసాతో సహా తీరేదాకా కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు వర్తించదు. బాకీ ఉన్న కార్డు మీద ఈరోజు పాల ప్యాకెట్ కొన్నా ఈరోజు నుంచే మీటరు తిరుగుతుంది.

ఏటీఎంలో కార్డు పెట్టి తీసిన నగదుకైతే అసలు గడువే ఉండదు. రెండున్నర శాతం దాకా ఫీజు, తీసిన క్షణం నుంచీ వడ్డీ.

మొదటి పని: కార్డు నోరు కట్టండి

కార్డును కత్తిరించి పారేస్తే సరిపోదు. ఇప్పుడు ఖర్చంతా ఫోన్లోనే ఉంది. బ్యాంకు యాప్‌లోకి వెళ్లి ఆన్‌లైన్, కాంటాక్ట్‌లెస్, అంతర్జాతీయ లావాదేవీలు మూడూ ఆఫ్ చేయండి. ఈ సదుపాయం ప్రతి బ్యాంకూ ఇవ్వాల్సిందే. షాపింగ్ యాప్‌లు, ఫుడ్ డెలివరీ యాప్‌లు, క్యాబ్ యాప్‌లలో సేవ్ చేసిన కార్డులు తీసేయండి. రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలిపి ఉంటే దాన్ని కూడా విడదీయండి. టీ కొట్టు దగ్గర క్యూఆర్ స్కాన్ చేసే పది రూపాయలు కూడా కార్డులోంచే పోతుంటాయి, మీరు గమనించరు. ఓటీటీ, బీమా, జిమ్ వంటి ఆటో డెబిట్‌లు ఏవేవి ఉన్నాయో చూసి అక్కర్లేనివి రద్దు చేయండి, కావాల్సినవి డెబిట్ కార్డుకు మార్చండి.

రొటేషన్ గురించి ఇక్కడే చెప్పుకోవాలి. ఒక కార్డు గీకి ఇంకో కార్డు బిల్లు కట్టడం, దానికోసం స్వైప్ చేసి నగదు ఇచ్చే దుకాణానికి నూటికి రెండో, రెండున్నరో కమీషన్ ఇవ్వడం. నాలుగున్నర కంటే రెండున్నర తక్కువే కదా అనిపిస్తుంది, అందుకే అంతమంది ఆ దారి పడతారు. లక్ష తిప్పితే ఏడాదికి 30,000 కమీషన్ పోతుంది, లక్ష మాత్రం లక్షగానే ఉంటుంది. అసలు ప్రమాదం వేరే ఉంది. సరుకు కొనకుండా స్వైప్ చేయడం కార్డు షరతులకు విరుద్ధం. లావాదేవీల తీరు చూసి ఏదో ఒక బ్యాంకు ఒక రాత్రిలో లిమిట్ తగ్గించేస్తుంది. నాలుగు కార్డుల గొలుసులో ఒక లింకు తెగితే ఆ నెల మిగతా మూడూ ఎగిరిపోతాయి. రొటేషన్‌లో ఉన్నవాళ్లు కూలిపోయేది సాధారణంగా ఇలాగే, వడ్డీ వల్ల కాదు. మీరు అందులో ఉంటే ఈ నెలే ఆపండి. ఆపిన నెల కష్టంగానే ఉంటుంది, ఒక కార్డు గడువు దాటవచ్చు కూడా.

రెండో పని: ఒక తెల్ల కాగితం

ఒక్కో కార్డుకు ఒక్కో గీత. రాయాల్సినవి: మొత్తం బాకీ, అందులో ఈఎంఐగా మారినది ఎంత, ఇంకా బిల్లుకు రాని ఈఎంఐలు ఎన్ని, నెల వడ్డీ, స్టేట్‌మెంట్ తేదీ, గడువు తేదీ, మినిమమ్, ఎన్ని రోజులు ఆలస్యంలో ఉన్నారు. స్టేట్‌మెంట్‌లో కనిపించే మొత్తం అసలు బాకీ కాదు. రాబోయే ఈఎంఐల అసలు అందులో ఉండదు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ‘ఈరోజు కార్డు పూర్తిగా క్లోజ్ చేయాలంటే ఎంత’ అని అడగండి. ఆ అంకెనే రాయండి.

తర్వాత క్రెడిట్ రిపోర్టు తీయండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్ నాలుగు క్రెడిట్ బ్యూరోలూ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మీరు మరచిపోయిన పాత కార్డు, వార్షిక ఫీజు పడి పెరిగిన చిన్న బాకీ, ఎప్పుడో ఫోన్లో నొక్కిన ‘ఇప్పుడు కొను, తర్వాత కట్టు’ అప్పు అందులో బయటపడతాయి.

ఉదాహరణకు ఇలా తేలిందనుకుందాం. ఎ కార్డు 1,40,000, నెలకు 3.75. బి కార్డు 85,000, నెలకు 3.5. సి కార్డు 35,000, నెలకు 3.75. మొత్తం 2,60,000. జీఎస్టీతో కలిపి నెల వడ్డీ ఎ మీద 6,195, బి మీద 3,510, సి మీద 1,549. అంటే నెలకు 11,250 పైన వడ్డీకే. మీరు ఎంత కట్టగలరన్న ప్రశ్న ఈ అంకె దగ్గర మొదలవుతుంది. పదకొండు వేలకు తక్కువ కడితే అప్పు పెరుగుతుంది, అంతే.

ఇంటి డబ్బు వేరే గిన్నెలో

అద్దె, బియ్యం, పిల్లల ఫీజు, కరెంటు, మందులు, ఇంటి రుణం లేదా బండి రుణం వాయిదా. ఇవి పోయాక మిగిలేదే కార్డులకు. వరస తిరగేసి, ఏజెంటు ఫోన్ చేశాడని అద్దె డబ్బు కార్డుకు కట్టేవాళ్లు పదిహేనో తేదీకి మళ్లీ కార్డే గీకుతారు.

కార్డు ఇచ్చిన బ్యాంకులోనే మీ జీతం ఖాతా ఉందా? కార్డు ఒప్పందంలో సర్దుబాటు హక్కు అని ఒకటి రాసి ఉంటుంది. బాకీ ముదిరితే బ్యాంకు మీ ఖాతాలో డబ్బును కార్డుకు మళ్లించుకోవచ్చు, లేదా హోల్డ్ పెట్టవచ్చు. ఒకటో తేదీన జీతం పడి సాయంత్రానికి సున్నా అయ్యే పరిస్థితి రాకూడదంటే, ఇంటి ఖర్చుల ఖాతా కార్డుతో సంబంధం లేని బ్యాంకులో పెట్టుకోండి. ఆ ఖాతాకు కార్డు ఆటోపే కలపొద్దు. డబ్బు చాలక ఆటోపే వెనక్కిపోతే కార్డు వైపు ఒక ఫీజు, ఖాతా వైపు ఇంకో ఫీజు.

ఇంట్లో వాళ్లకు చెప్పడం కూడా ఈ దశలోనే. బంగారం, చీటీ, ఎల్ఐసీ పాలసీ, ఊళ్లో పొలం డబ్బు, వీటిలో ఏది కదిలించాలన్నా వాళ్ల మాట కావాలి. రికవరీ ఏజెంటు నోటి నుంచి తెలియడం కంటే మీ నోటి నుంచి తెలియడం నయం.

ఖరీదైన అప్పును చౌక అప్పుతో మార్చడం

అసలు లాభమంతా ఇక్కడే ఉంది, కాబట్టి కాస్త నిదానంగా చూడండి.

ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంటే దాన్ని కదిలించడానికి ఆలోచించక్కర్లేదు. ఏడు శాతం వచ్చే డబ్బును పక్కన పెట్టుకుని యాభైమూడు శాతం కట్టడంలో అర్థం లేదు. రద్దు చేయండి, లేదా దాని మీద అప్పు తీసుకోండి. ఎల్ఐసీ ఎండోమెంట్, మనీ బ్యాక్ పాలసీలు కొన్నేళ్లు కట్టి ఉంటే సరెండర్ విలువ మీద అప్పు వస్తుంది, వడ్డీ పది శాతం అటూ ఇటూ. టర్మ్ పాలసీ మీద రాదు.

బంగారం. బ్యాంకులో తాకట్టు పెడితే ఏడాదికి 9 నుంచి 12 శాతం, అంటే నూటికి నెలకు ముప్పావలా నుంచి రూపాయి. పై ఉదాహరణలో ఎ కార్డు 1,40,000ను పది శాతం బంగారం రుణంతో కొట్టేస్తే నెల వడ్డీ 6,195 నుంచి 1,167కు పడిపోతుంది. నెలకు ఐదు వేలు ఊరికే చేతికొచ్చినట్టు. జాగ్రత్తలు రెండు. ఏడాది చివర అసలూ వడ్డీ ఒకేసారి కట్టే పద్ధతి తీసుకుంటే పన్నెండో నెలలో డబ్బు ఉండదు, నగ వేలానికి పోతుంది. నెలనెలా కొంత కట్టే పద్ధతి అడగండి. రెండోది, వీధి చివరి ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీలో వడ్డీ బ్యాంకుకు రెట్టింపు దాకా ఉండవచ్చు, ఆలస్యమైతే శ్లాబు మారి ఇంకా పెరుగుతుంది. పది నిమిషాల్లో డబ్బు చేతిలో పెడతారని అక్కడికి వెళ్లకండి.

చీటీ కడుతుంటే పాట పాడవచ్చు. మొదటి నెలల్లో తగ్గింపు బాగా లోతుకు పోతుంది, చివరి నెలల్లో తక్కువ. తగ్గింపు పోగా చేతికి ఎంత వస్తుంది, మిగిలిన నెలలు ఎన్ని, నెలకు ఎంత కట్టాలి, ఈ మూడూ వేసి చూసుకోండి. పాడుకున్నాక జామీను అడుగుతారు, చాలాచోట్ల ప్రభుత్వోద్యోగులే కావాలంటారు. మీరు వాయిదా ఎగ్గొడితే ఆ జామీనుదారు జీతానికి నోటీసు వెళ్తుంది. కార్డు అప్పు మీ ఒక్కరిదే, ఇది బావమరిదికి కూడా చుట్టుకుంటుంది.

ఇక పర్సనల్ లోన్. సమయమే దీనికి కీలకం. ఒక్క కార్డు ముప్పై రోజులు దాటి ఆలస్యమైతే రిపోర్టులో ఆ మచ్చ పడి మంచి వడ్డీకి ఇచ్చే బ్యాంకుల తలుపులు మూసుకుంటాయి. అందుకే పర్సనల్ లోన్ అడగాల్సింది మొదటి వాయిదా తప్పకముందు. పై ఉదాహరణలోని 2,60,000కు నెలకు 18,000 కట్టగలరనుకుందాం. కార్డుల మీదే ఉంచి కడితే తీరడానికి 23 నెలలు, మొత్తం సుమారు 4,17,000. అదే 15 శాతం పర్సనల్ లోన్‌గా మార్చి అదే 18,000 కడితే 16 నెలలు, సుమారు 2,88,500. రెండు శాతం ప్రాసెసింగ్ ఫీజు, జీఎస్టీ కలిపి 6,100 పోయినా లక్షా ఇరవై వేలు మిగులుతుంది. ఒకేసారి ఆరు బ్యాంకులకు దరఖాస్తు చేయకండి, ఆరు ఎంక్వైరీలు స్కోరును దెబ్బతీస్తాయి. మీ జీతం ఖాతా బ్యాంకును ముందు అడగండి. లోన్‌తో పాటు బీమా అంటగడుతుంటే వద్దనండి.

పర్సనల్ లోన్ తీసుకుని మునిగిపోయినవాళ్లలో చాలామంది చేసే తప్పు ఒకటే. లోన్ డబ్బుతో కార్డులు ఖాళీ అవుతాయి, లిమిట్లు మళ్లీ పచ్చగా కనిపిస్తాయి, ఏడాదిలో కార్డులు నిండుతాయి, లోన్ అలాగే ఉంటుంది. బాకీ తీరిన వారంలోనే కార్డులు మూసేయండి, ఒకదాన్ని ఉంచుకుంటే లిమిట్ ఇరవై వేలకు తగ్గించమనండి.

లోన్ రాకపోతే, కార్డు బాకీని ఆ బ్యాంకులోనే ఈఎంఐగా మార్చమని అడగండి. ఎ కార్డు 1,40,000ను 16 శాతానికి 24 నెలలు పెడితే వాయిదా 6,855. వడ్డీ భాగం మీద జీఎస్టీ మొదటి నెల 336. మొత్తం 7,200 లోపు. ఇప్పుడు ఊరికే వడ్డీకి పోతున్నది 6,195 అని గుర్తుందా? ఇంకో వెయ్యి కలిపితే రెండేళ్లలో అప్పే ఉండదు. మాట్లాడేటప్పుడు ‘ఫ్లాటా, రెడ్యూసింగా’ అని అడగండి. ఫ్లాట్ అంటే మొదటి అసలు మొత్తం మీదే చివరిదాకా వడ్డీ, రెడ్యూసింగ్ అంటే తగ్గుతున్న అసలు మీద. రెండేళ్లకు 12 శాతం ఫ్లాట్ అంటే నిజానికి 21 శాతం పైమాటే. ముందే తీర్చేస్తే ఫీజు ఎంతో అడగండి. ఈఎంఐ మొత్తం మినిమమ్ డ్యూలో కలిసి వస్తుంది, దాన్ని తప్పిస్తే ఆ వాయిదా మళ్లీ 3.75 లెక్కలోకి వెళ్తుంది. గడువు తేదీకి కనీసం మూడు నాలుగు రోజుల ముందే మార్పించండి, చివరి రోజు రిక్వెస్టు తరచూ తిరస్కరణకు పోతుంది.

ఊళ్లో నూటికి రెండు రూపాయలకు దొరికే చేబదులు? లెక్క ప్రకారం కార్డు వడ్డీలో సగం కంటే తక్కువ, కాబట్టి వద్దనడానికి లేదు. గొడవ కాగితాల దగ్గర వస్తుంది. ఖాళీ ప్రామిసరీ నోటు మీద, ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టకండి. నోటులో పేరు, తేదీ, మొత్తం, వడ్డీ నింపాకే సంతకం. కొంత కట్టిన ప్రతిసారీ నోటు వెనక చెల్లు వేయించుకోండి, తీరాక నోటు వెనక్కి తీసుకోండి.

ఇన్‌స్టంట్ లోన్ యాప్‌లు, ఇల్లు తాకట్టు, ఈ రెండిటి జోలికి మాత్రం వద్దు. కార్డు అప్పుకు హామీ లేదు, ఇల్లు దాకా బ్యాంకు నేరుగా రాలేదు. దాన్ని తీర్చడానికి ఇల్లు తాకట్టు పెడితే మీరే దారి వేసినట్టు.

నెలనెలా కట్టే పద్ధతి

అన్ని కార్డులకూ మినిమమ్, మిగిలినదంతా ఒకే కార్డుకు. ఏ కార్డుకు? పుస్తకాలు ఎక్కువ వడ్డీ కార్డుకు అంటాయి. మన కార్డుల్లో వడ్డీ తేడా పావు శాతం, అంతే. అందుకే చిన్న బాకీ ముందు కొట్టేయమని మా సలహా. పై ఉదాహరణలో నెలకు 18,000 కడితే సి కార్డు 35,000 సుమారు ఆరు నెలల్లో పోతుంది, ఒక గడువు తేదీ, ఒక ఆలస్య రుసుము భయం, ఒక ఏజెంటు ఫోను తగ్గుతాయి. తీరిన కార్డుకు కడుతున్న మొత్తాన్ని వెంటనే తర్వాతి కార్డుకు కలపండి.

వడ్డీ రోజువారీగా పడుతుంది కాబట్టి గడువు తేదీదాకా డబ్బు ఖాతాలో పడుకోబెట్టకండి. 15,000ను ఇరవై రోజులు ముందు కడితే 430 రూపాయల పైన మిగులుతుంది. కానీ ఇందులో ఒక మెలిక ఉంది. స్టేట్‌మెంట్ రాకముందు కట్టినది బాకీని తగ్గిస్తుంది, రాబోయే స్టేట్‌మెంట్ మినిమమ్ కింద మాత్రం లెక్కకు రాదు. ‘మొన్నే పదిహేను వేలు కట్టాను, మళ్లీ మినిమమ్ ఏంటి’ అని వదిలేసి ఆలస్య రుసుము తెచ్చుకునేవాళ్లు ఎక్కువ. మినిమమ్ ఎప్పుడూ స్టేట్‌మెంట్ వచ్చాక, గడువు లోపు పడాలి. ఒకవేళ తప్పితే మూడు రోజుల వెసులుబాటు ఉంది: గడువు దాటి మూడు రోజులకు మించితేనే ఆలస్య రుసుము వేయాలి, బ్యూరోలకు చెప్పాలి. ఆ రుసుము కూడా కట్టకుండా మిగిలినదాని మీదే లెక్కించాలి, మొత్తం బిల్లు మీద కాదు.

మినిమమ్ కూడా కట్టలేకపోతే

గడువు తేదీ నుంచి 90 రోజుల్లో మినిమమ్ పూర్తిగా పడకపోతే ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది. ఆ లోపే బ్యాంకుకు ఈమెయిల్ రాయండి, ఫోన్ మాట మీద ఆధారపడకండి. ఉద్యోగం పోవడం, ఆస్పత్రి ఖర్చు, ఏదైతే అది, ఆధారం జతచేసి, ‘నెలకు ఇంత కట్టగలను, బాకీని టర్మ్ లోన్‌గా (వాయిదాల్లో తీర్చే రుణంగా) మార్చండి’ అని అంకెతో అడగండి. కట్టలేని అంకె ఒప్పుకుని రెండో నెల తప్పడం కంటే తక్కువ అంకె దగ్గర పట్టుబట్టడం మంచిది. ఆ ఈమెయిల్ తర్వాత లోక్ అదాలత్‌లోనూ, అంబుడ్స్‌మన్ దగ్గరా మీకు పనికొస్తుంది.

ఎన్‌పీఏ అయ్యాక వన్ టైమ్ సెటిల్‌మెంట్ (బాకీలో కొంత కట్టించుకుని మిగతాది వదిలేసే రాజీ) ఆఫర్లు మొదలవుతాయి. చేతిలో ఉన్న నగదు ఎంతో, దానికి కొంచెం తక్కువ చెప్పి మొదలుపెట్టండి. నెలాఖరులో, మార్చిలో బేరం తేలిగ్గా కుదురుతుంది, వాళ్లకు టార్గెట్లుంటాయి. ఒప్పుకున్నాక, ఒక్క రూపాయి కట్టకముందు, బ్యాంకు లెటర్‌హెడ్ మీద ఉత్తరం రావాలి. అందులో కార్డు చివరి నాలుగంకెలు, సెటిల్‌మెంట్ మొత్తం, వాయిదాల తేదీలు, ఇది పూర్తి, తుది పరిష్కారమన్న మాట, కేసులేవైనా ఉంటే వెనక్కి తీసుకుంటామన్న మాట ఉండాలి. వాట్సాప్‌లో వచ్చిన ఫోటోను నమ్మకుండా బ్యాంకు అధికారిక ఈమెయిల్‌కు రాసి ధ్రువీకరించుకోండి. డబ్బు కార్డు ఖాతాకే కట్టండి. ఏజెంటు సొంత యూపీఐకి కట్టిన డబ్బు బ్యాంకు లెక్కలో ఉండదు. మూడు వాయిదాల సెటిల్‌మెంట్‌లో మూడోది ఒక్క రోజు దాటినా మొత్తం ఒప్పందం రద్దయి పాత బాకీ పూర్తిగా లేచి కూర్చుంటుంది, కాబట్టి డబ్బు మొత్తం చేతిలో ఉంటేనే సంతకం.

సెటిల్‌మెంట్‌కు ధర ఉంది. రిపోర్టులో ‘సెటిల్డ్’ అని పడుతుంది, అది ఏళ్ల తరబడి కనిపిస్తుంది. అదే బ్యాంకు కనీసం 12 నెలలు కొత్త అప్పు ఇవ్వదు. రెండు మూడేళ్లలో ఇంటి రుణం ఆలోచన ఉంటే సెటిల్‌మెంట్ కంటే ఈఎంఐ దారే మేలు. ముందుగా ఫీజు తీసుకుని ‘మీ అప్పు సగానికి తగ్గిస్తాం, అప్పటిదాకా కట్టడం ఆపేయండి’ అనే కంపెనీలు మీ తరఫున చేసేది మీరు రాసే ఆ ఈమెయిలే.

బ్యాంకు లోక్ అదాలత్ నోటీసు పంపితే భయపడకుండా వెళ్లండి. అక్కడ కోర్టు ఫీజు లేదు, రాజీ కుదిరితే అవార్డు ఇస్తారు, దాని మీద అప్పీలు ఉండదు. కుదరకపోతే లేచి వచ్చేయవచ్చు. ఉచిత న్యాయ సలహాకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, ఫోన్ 15100.

ఫోన్లు, నోటీసులు

ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత రికవరీ ఫోన్లు చేయకూడదు. తిట్టడం, బెదిరించడం, చుట్టాలకూ ఆఫీసువాళ్లకూ ఫోన్ చేసి పరువు తీయడం నిషేధం. ఇంటికొచ్చిన ఏజెంటును గుర్తింపు కార్డు, బ్యాంకు ఇచ్చిన అధికార పత్రం చూపించమనండి. చూపించకపోతే మాట్లాడే పని లేదు. ఫోన్లు రికార్డు చేయండి, తేదీలు రాసుకోండి, ముందు బ్యాంకుకు ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు సీఎంఎస్ పోర్టల్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. సందేహాలకు 14448. చేయి చేసుకుంటే 112.

కార్డు బాకీ కట్టలేకపోవడం నేరం కాదు, సివిల్ వ్యవహారం. ‘సాయంత్రానికి అరెస్టు వారెంటు’ అనే మాటలు ఉత్తవి. అయితే బాకీ కింద ఇచ్చిన చెక్కు బౌన్స్ అయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద, ఆటో డెబిట్ మాండేటు బౌన్స్ అయితే పేమెంట్ సిస్టమ్స్ చట్టం సెక్షన్ 25 కింద క్రిమినల్ కేసు పెట్టవచ్చు. కాబట్టి ఏజెంటు ‘ఊరికే సెక్యూరిటీకి’ అని చెక్కు అడిగితే ఇవ్వకండి. కోర్టు సమన్లు, ఆర్బిట్రేషన్ నోటీసు వస్తే మాత్రం పక్కన పడేయకండి. మీరు వెళ్లకపోతే ఎక్స్‌పార్టీగా డిక్రీ అయిపోతుంది. డిక్రీ అయినా జీతమంతా జప్తు చేయలేరు. మొదటి వెయ్యి, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. 40,000 జీతానికి నెలకు 13,000 మించదు.

కార్డుదారు చనిపోతే, వాళ్ల ఆస్తి వారసులకు వచ్చిన మేరకే బాకీ బాధ్యత. భార్య, తల్లిదండ్రులు తమ సంపాదన లోంచి కట్టాల్సిన పని లేదు. ఏజెంటు ఇది చెప్పడు. అప్పుల ఒత్తిడితో బతుకు మీద విరక్తి పుడుతుంటే, లేదా ఇంట్లో ఎవరైనా అలా మాట్లాడుతుంటే, టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఇరవై నాలుగ్గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

తీరిన తర్వాత

చివరి వాయిదా కట్టాక కార్డు దానంతట అది మూసుకోదు. చివరి స్టేట్‌మెంట్ తర్వాత పడిన కొద్దిరోజుల వడ్డీ 86 రూపాయలో, 140 రూపాయలో మిగిలి ఉంటుంది. వదిలేస్తే అది ఆలస్య రుసుములతో పెరుగుతూ పోతుంది. ఇంకో స్టేట్‌మెంట్ వచ్చేదాకా ఆగి, సున్నా చూశాక, మూసేయమని ఈమెయిల్ పెట్టండి. బాకీ లేని కార్డును ఏడు పనిదినాల్లో మూయాలి. దాటితే రోజుకు 500 రూపాయల చొప్పున మీకు కట్టాలి. ఎన్‌ఓసీ (బాకీ లేదని బ్యాంకు ఇచ్చే పత్రం) తీసుకుని ఫోన్లో కాకుండా కాగితం మీద దాచండి, బాకీని రికవరీ కంపెనీలకు అమ్మేశాక నాలుగేళ్లకు మళ్లీ ఫోన్ వచ్చిన సందర్భాల్లో పనికొచ్చేది అదే.

నెలా నెలన్నర తర్వాత రిపోర్టు మళ్లీ తీసి, ఖాతా ‘క్లోజ్డ్’ అని, బాకీ సున్నా అని ఉందో లేదో చూడండి. తప్పుంటే బ్యూరో సైట్‌లోనే డిస్ప్యూట్ వేయండి. ముప్పై రోజుల్లో సరిచేయకపోతే రోజుకు వంద రూపాయల పరిహారం మీకు రావాలి. అది అడిగి తీసుకోండి.